గోడ మీద మంచు, కిటికీ బయట చెరుకు

చిన్న తరగతుల గదుల్లో వెనక గోడకో పక్క గోడకో ఒక డిస్‌ప్లే బోర్డు ఉంటుంది. నాన్నకో అమ్మకో ఆర్డరు వచ్చి ఏ రాష్ట్రానికి వెళ్లినా కొత్త బడిలో మనం వెంటనే గుర్తుపట్టేది దాన్నే. చుట్టూ ముడతల కాగితం అంచు, పైన థర్మోకోల్ అక్షరాలు, మధ్యలో ఋతువుల చార్టు. ఆ చార్టులో నాలుగు గళ్లు. మొదటి గడిలో పూలు, సీతాకోకచిలుకలు. రెండో గడిలో సముద్రపు ఒడ్డున రంగుల గొడుగు, ఇసుకతో కట్టిన కోట. మూడో గడిలో నారింజ రంగు ఆకులు రాలుతున్న చెట్టు. నాలుగో గడిలో మెడకు మఫ్లరు, ముక్కు చోట క్యారెట్టు పెట్టుకున్న మంచు మనిషి. స్టేషనరీ షాపులో చుట్టచుట్టి అమ్ముతారు. కొని, నాలుగు మూలలా డ్రాయింగు పిన్నులు గుచ్చితే పని అయిపోతుంది.

ఆ నాలుగు గళ్లలో వాన లేదు. మేముండే కడోదరా సూరత్ జిల్లాలో ఉంది. ఈ వైపు ఏడాదికి సుమారు 1200 మిల్లీమీటర్ల వాన పడుతుంది, దాదాపు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే. నాలుగు నెలలు తడిసిన సాక్సులు, ఆరని యూనిఫారాలు, బస్సు మెట్ల మీద బురద. ఆ నాలుగు నెలలకు చార్టులో చోటు దొరకలేదు. ఇక్కడ ఏనాడూ పడని మంచుకు మాత్రం ఒక గడి మొత్తం దొరికింది.

మేము కడోదరా చుట్టుపక్కల ఉంటూ పై తరగతులు చదువుతున్న అయిదుగురు తెలుగు పిల్లలం. ఇళ్లలో పెద్దల ఉద్యోగాలు వేరువేరు, బదిలీలు మాత్రం అందరికీ ఉన్నాయి. అయిదుగురమూ చదివిన బళ్లన్నీ లెక్కపెడితే పదమూడు వచ్చాయి. అన్నిచోట్లా ఇదే చార్టు అని చెప్పలేం కానీ, దీని అన్నదమ్ములను చాలాచోట్ల చూశాం. మా తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇప్పుడు ఒకటో రెండో తరగతుల్లో ఉన్నారు. సాయంత్రం వాళ్ల చేత హోంవర్కు చేయించేది మేమే కాబట్టి ఈ విషయం మా దాకా వచ్చింది.

మా అభిప్రాయం ఇది. ఆ చార్టు తీసేయాలి. దాని స్థానంలో ఇంకో మంచి చార్టు కొనమని మేము అడగడం లేదు. ఋతువు మొదలైన రోజున బోర్డు ఖాళీగా ఉండాలి. పిల్లలు దారిలో, ఇంట్లో, కిటికీ బయట చూసినవాటి బొమ్మలూ పేర్లూ తెచ్చి అతికించగా అది మెల్లగా నిండాలి. రాత పీరియడులో ఆ మాటలే చూసుకుంటూ వాక్యాలు రాయాలి.

ఇంత చిన్న సంగతికి ఒక వ్యాసమా అని మీరు అనుకోవచ్చు. రెండో తరగతి పిల్లల నోట్‌బుక్కు ఒకటి తెరిచి చూడండి. చలికాలం గురించి అయిదు వాక్యాలు రాయమంటే పిల్లలు గోడ వంక చూస్తారు, చూసి రాస్తారు: చలికాలంలో మంచు కురుస్తుంది, మేము మంచుతో బొమ్మ చేస్తాం, చేతికి గ్లవుసులు వేసుకుంటాం. ఇంగ్లిషులో స్పెల్లింగు సరిగా ఉంటే ఎర్ర సిరాతో టిక్కు పడుతుంది, పక్కన గుడ్ కూడా పడుతుంది. ఆ పిల్ల పుట్టి ఏడేళ్లయింది. ఆ ఏడేళ్లలో మంచు చూసింది ఫ్రిజ్‌లోనే. జనవరి తెల్లవారుజామున కూడా ఇక్కడ చలి పదిహేను డిగ్రీల చుట్టుపక్కల ఆగిపోతుంది. ఒక్క స్వెటరు చాలు, అదీ రెండో పీరియడుకే నడుముకు చుట్టుకుంటారు.

ఆ పిల్ల ఆరోజు నేర్చుకున్నది స్పెల్లింగు ఒక్కటే అయితే మాకు బెంగ లేదు. రాయడమంటే గోడ మీద ఉన్నది దించడమని కూడా నేర్చుకుంది. తాను చూసింది రాతకు పనికిరాదనీ, రాతలోకి వచ్చేదంతా ఎక్కడో వేరే దేశంలో జరుగుతుందనీ నేర్చుకుంది. ఇదే పిల్ల ఆరో తరగతికి వచ్చాక ‘మీ ఊరి సంత’ గురించి సొంతంగా రాయమంటే గైడు వెతుక్కుంటుంది. గైడు వెతికినవాళ్లలో మేమూ ఉన్నాం కాబట్టి ధైర్యంగా చెప్తున్నాం.

మూడో గడి సంగతి ఇంకా తమాషా. చార్టు ప్రకారం అక్టోబరులో ఆకులు రాలాలి. ఇక్కడ అక్టోబరంటే రెండో ఎండాకాలం. వానలు వెళ్లిపోయి ఉక్క మొదలవుతుంది, చెట్లన్నీ వాన నీళ్లు తాగి పచ్చగా ఉంటాయి. మన దగ్గర ఆకులు రాలేది శిశిరంలో, హోలీకి ముందు, ఫిబ్రవరి మార్చి నెలల్లో. ఆ రోజుల్లో రావిచెట్టు కింద నడిస్తే కాళ్ల కింద కరకరమంటుంది. తెలుగులో ఆకురాలు కాలం అనే మాట ఉండనే ఉంది. చార్టు అచ్చువేసినవాళ్లు మన చెట్లను అడగలేదు.

ఇక బోర్డు రాతకు ఎలా పనికొస్తుందో చెప్పాలి. ఆరేళ్ల పిల్లవాడు ఒక వాక్యం రాయడానికి కూర్చుంటే మూడు పనులు ఒకేసారి చేయాలి. ఏం చెప్పాలో ఆలోచించాలి, దానికి మాట గుర్తుతెచ్చుకోవాలి, ఆ మాటలోని అక్షరాలను పెన్సిలుతో గీతల మధ్య నిలబెట్టాలి. మూడో పనికే వాడి చెయ్యి నొప్పిపుడుతుంది. మిగతా రెంటిలో ఒకటి గోడ పంచుకుంటే వాడికి ఊపిరాడుతుంది. మాట అక్కడే బొమ్మ పక్కన ఉంటే, పైగా దాన్ని మొన్న తానే తెచ్చి పెట్టి ఉంటే, వాడు తలెత్తి చూసి రాసుకుంటాడు. ఏం చెప్పాలో ఆలోచించడానికి తీరిక దొరుకుతుంది. దించడంలో కూడా తేడా ఉంది. నాలుగు గళ్ల చార్టు నుంచి వాక్యం మొత్తం దించుతారు. పిల్లల బోర్డు నుంచి మాట ఒక్కటే తీసుకుంటారు, వాక్యం వాళ్లే కట్టుకోవాలి.

దీనికి బోర్డు పిల్లల కళ్ల ఎత్తున ఉండాలి. ఒకటో తరగతి పిల్లలు మూడున్నర, నాలుగడుగులకు మించి ఉండరు. బోర్డు మాత్రం టీచరు తల కంటే పైన ఉంటుంది. అది ఎవరు చదవడానికి? ఈ ప్రశ్న మేము అడిగితే మర్యాదగా ఉండదు కానీ, అడగాల్సిన ప్రశ్నే.

ఖాళీ బోర్డు పెడితే నిండుతుందా, కడోదరాలో ఋతువుకు పనికొచ్చేది ఏముంది, ఇది మిల్లుల ఊరు కదా అనేవాళ్లు ఉన్నారు. బస్సులో ముంబై నుంచి అహ్మదాబాద్ వెళ్లేవాళ్లకు కడోదరా అంటే చార్ రస్తా, ట్రాఫిక్, రంగుల మిల్లుల పొగగొట్టాలు. ఇక్కడ ఉండేవాళ్లకు అలా కాదు. ఏడాది పొడవునా ఏమేం వస్తాయో కూర్చుని రాసుకున్నాం. అనుకున్నదానికంటే పెద్ద జాబితా తయారైంది.

మన సెషను ఏప్రిల్ 1న మొదలవుతుంది. అంటే కొత్త తరగతిలో మొదటి ఋతువు ఎండే. చెరుకు రసం బండి, మట్టి కుండ, ఛాస్ పొట్లాలు, కూలరుకు కట్టే గడ్డి పరదా, మధ్యాహ్నం ఖాళీ అయిపోయే రోడ్డు. మామిడికాయను ఇక్కడ కేరీ అంటారు. మన ఇళ్లలో ఆవకాయ జాడీలు బయటికి వచ్చే రోజులవి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని నానమ్మ ఫోనులో అంటుంది. రోలంటే ఏమిటని తమ్ముడు అడుగుతాడు. అడిగాడంటే బోర్డుకు ఒక బొమ్మ దొరికినట్టే.

సెలవులయ్యాక బడి తెరిచేసరికి జూన్ వస్తుంది, దాని వెనకే వాన. మన పంచాంగంలో జూన్ 8 ప్రాంతాన మృగశిర కార్తె వస్తుంది. తెలంగాణలో ఆరోజు చేపల కూర తినాలంటారు. తర్వాత ఆరుద్ర. తొలి వానలకు మట్టిలోంచి ఎర్ర మఖమల్ లాంటి ఆరుద్ర పురుగులు బయటికి వస్తాయి. వాటిని అగ్గిపెట్టెలో పెట్టి బడికి తెచ్చినవాళ్లు మాలో ఇద్దరున్నారు, వేరే రాష్ట్రంలో. వానాకాలం బోర్డు నింపడానికి ఎవరూ కష్టపడనక్కర్లేదు. కప్పలు, గొడుగులు, టార్పాలిన్లు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు, హైవే పక్కన నీళ్లు నిలిచిన గుంటలు, ఆలస్యంగా వచ్చే స్కూలు బస్సు. రోజూ వాన పడిందో లేదో ఒక చుక్క పెట్టే కాగితం అతికిస్తే నెలాఖరుకు ఎన్ని చుక్కలో లెక్కపెట్టి ఒక వాక్యం రాయవచ్చు. ఆ వాక్యం నిజం, ఎందుకంటే చుక్కలు వాళ్లే పెట్టారు.

తర్వాత నవరాత్రి. ఇక్కడ చిల్లులు పెట్టిన మట్టి కుండలో దీపం పెట్టి దాన్ని గర్బో అంటారు, దాని చుట్టూ తిరుగుతూ ఆడేది గర్బా. తెలంగాణ వాళ్లకు అప్పుడే బతుకమ్మ. గునుగు, తంగేడు, బంతి పూలు పేర్చి దాని చుట్టూ తిరుగుతూ ఆడతారు. బతుకమ్మ మహాలయ అమావాస్య నాడు మొదలవుతుంది, నవరాత్రి ఆ మరునాడు. ఒకటి కుండ చుట్టూ, ఇంకొకటి పూల చుట్టూ. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి ‘చుట్టూ’ అనే ఒక్క మాట నేర్పితే చాలు, ఆరేళ్ల పిల్లలు ఎన్ని వాక్యాలైనా చెప్తారు.

దీపావళి తర్వాత ఇక్కడ ఒక విచిత్రమైన కాలం వస్తుంది. దానికి ఏ చార్టులోనూ పేరు ఉండదు. మిల్లులకు సెలవులిస్తారు. ఒడిశా, ఉత్తరప్రదేశ్, బీహార్ కార్మికులు రైళ్లు నింపుకుని ఊళ్లకు వెళ్తారు. రాత్రీ పగలూ ఉండే యంత్రాల చప్పుడు ఆగిపోతుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ నిశ్శబ్దానికి నిద్ర పట్టదు. చప్పుడు మళ్లీ మొదలైతే సెలవులు అయిపోయాయని అర్థం. ఇది కూడా ఋతువే అని మేము వాదిస్తాం. మాలో ఒకరు ఒప్పుకోలేదు, ఋతువంటే సూర్యుడి వల్ల రావాలట. సైన్సు ప్రకారం ఆ మాట సరైనదే. కానీ రెండో తరగతి పిల్లకు రాయడానికి ఇంతకంటే మంచి విషయం ఎక్కడ దొరుకుతుంది?

అప్పటికి చెరుకు నరికే రోజులు వచ్చేస్తాయి. పక్కనే చల్థాన్‌లో సహకార చక్కెర మిల్లు ఉంది, అటు బార్డోలిలో ఇంకొకటి. చెరుకు ఎత్తిన ట్రాక్టర్లూ లారీలూ చలికాలమంతా రోడ్డు మీద వరసకట్టి ఉంటాయి. చెరుకు నరికేవాళ్లు డాంగ్ కొండల నుంచీ మహారాష్ట్ర నుంచీ పిల్లలతో సహా వచ్చి పొలాల పక్కన గుడిసెలు వేసుకుంటారు. ఆ పిల్లలకూ మనకూ ఒక పోలిక ఉంది, ఇద్దరమూ పెద్దల పనిని బట్టి ఊళ్లు మారేవాళ్లమే. తేడా ఏమిటంటే మనకు కొత్త ఊళ్లో బడి సీటు ముందే ఖాయమవుతుంది. కిటికీలోంచి రోజూ కనిపించే ఈ చెరుకు బండి గోడ మీద లేకపోవడం మాకు అన్నిటికంటే వింతగా తోచింది.

చలి ముదిరాక పోంక్ వస్తుంది. లేత జొన్న కంకులను నిప్పుల మీద కాల్చి, కొట్టి, గింజలు రాల్చి అమ్ముతారు. సూరత్ వాళ్లకు అదంటే ప్రాణం. మా ఇంటికి వచ్చిన తాతయ్య ఒకాయన అది నోట్లో వేసుకుని, ఇది మన ఊచబియ్యమే కదరా అన్నారు. అప్పటిదాకా మాలో ఎవరికీ ఆ మాట తెలియదు. జనవరి 14న ఉత్తరాయణ్, మరునాడు వాసీ ఉత్తరాయణ్. ఆకాశమంతా గాలిపటాలు, మేడల మీద కేకలు, ఉంధియూ, జిలేబీ. అదే రోజుల్లో మన ఇళ్ల ముందు భోగి, సంక్రాంతి ముగ్గులు. అపార్టుమెంటు గుమ్మం ముందు రెండడుగుల చోటులో అమ్మ వేసే ముగ్గును పక్క ఫ్లాటు పిల్లలు వచ్చి చూస్తారు. వాళ్లు రంగోలీ అంటారు, మనం ముగ్గు అంటాం.

ఆఖరుకు మోదుగు పూలు. ఆకులన్నీ రాలిన కొమ్మల మీద నిప్పుల్లా పూస్తాయి. గుజరాతీలో కేసూడో, హిందీలో టేసూ, ఒడియాలో పళాశ. మా తెలంగాణ మిత్రుడు మోతుకు అంటాడు, కోస్తావాళ్లం మోదుగు అంటాం. ఈ పూలను నీళ్లలో నానబెట్టి హోలీకి రంగు తీయడం ఇక్కడా ఉంది, తెలంగాణలోనూ ఉంది. నారింజ రంగు ఆకులు అచ్చువేసిన చార్టు ఇప్పటికి వెలిసిపోయి ఉంటుంది. నిజం నారింజ రంగు కిటికీ బయట ఉంది.

ఇందులో మన తరగతులకు ప్రత్యేకమైన సంగతి ఒకటి ఉంది. ఒక గదిలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియా, మలయాళం, తెలుగు మాట్లాడే పిల్లలు కలిసి కూర్చుంటారు. సూరత్‌లో మన తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. తెలంగాణ నుంచి నేతపని మీద వచ్చి స్థిరపడిన పద్మశాలి కుటుంబాలు లింబాయత్ వైపు ఎక్కువ. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బళ్లు కూడా నడుపుతోంది. అక్కడ గోడ మీద ఏ మాట రాయాలనే ప్రశ్నకు జవాబు సులభం. మన బళ్లలో సులభం కాదు. పాఠం హిందీలోనో ఇంగ్లిషులోనో ఉంటుంది, ఇల్లు ఇంకో భాషలో ఉంటుంది, వీధి మూడో భాషలో ఉంటుంది. మధ్యలో చేరిన పిల్లకు మొదటి రెండు నెలలు నోరు పెగలదు. ఆ పిల్లకు ఏమీ తెలియదని అందరూ అనుకుంటారు. నిజానికి ఆమెకు అన్నీ తెలుసు, తెలిసినవాటి పేర్లు మాత్రం ఆ గదిలో లేవు.

గుజరాతీ పిల్లలు కాలాలను ఉనాళో, చోమాసు, శియాళో అని మూడుగా లెక్కపెడతారు. మనం ఎండాకాలం, వానాకాలం, చలికాలం అంటాం. మూడుకు మూడు సరిపోయాయి. హిందీ పిల్లలు గర్మీ, బర్సాత్, సర్దీ అంటారు. పుస్తకంలో ఆరు ఋతువులుంటాయి, అవీ నేర్చుకోవాల్సిందే. చార్టులో ఉన్న నాలుగు మాత్రం ఈ గదిలో ఎవరి ఇంట్లోనూ లేవు. బోర్డు మీద వాన బొమ్మ ఒకటి వేసి, కింద ఎవరి మాట వాళ్లు, ఎవరి లిపిలో వాళ్లు రాస్తే అయిదారు చీటీలు అవుతాయి. లిపి రానివాళ్లకు ఇంట్లో అమ్మ రాసిస్తుంది. కొత్తగా చేరిన పిల్ల మొదటి రోజే తన మాట గోడ మీద చూసుకుంటుంది. పక్క పిల్ల ఇదేమిటని అడుగుతుంది. చెప్పడం మొదలవుతుంది.

భాషల విషయంలో మేము కొత్తగా కనిపెట్టింది ఏమీ లేదు. 2020 జాతీయ విద్యా విధానం వీలైనచోట కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలో చదువు ఉండాలని చెప్పింది. 2021 జులైలో మొదలైన నిపుణ్ భారత్ పథకం మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలంతా చదవడం, రాయడం, లెక్కలు చేయడం రావాలని లక్ష్యం పెట్టుకుంది. తరగతి గది నిండా అక్షరాలు కనిపించాలని కూడా ఆ పథకం కోరుతుంది. కనిపించాలన్నారు, సరే. ఎవరి అక్షరాలన్నదే మా ప్రశ్న.

ఈ రాష్ట్రంలోనే గిజుభాయి బధేకా ఉండేవారు. వకీలు పని వదిలి చిన్నపిల్లల చదువులోకి వచ్చారు. 1920లో భావనగర్‌లో బాలమందిరం మొదలైంది. జనం ఆయన్ని మూఛాళీ మా అనేవారు, అంటే మీసాల అమ్మ. ఆయన రాసిన దివాస్వప్న అనే పుస్తకం ఒక టీచరు చేసిన ప్రయోగాల కథ. గుజరాత్‌లో ఉన్నన్నాళ్లలో ఒక్కసారైనా దాన్ని లైబ్రరీలో అడిగి చదవండి. ఎక్కడో దూరాన న్యూజిలాండ్‌లో సిల్వియా యాష్టన్ వార్నర్ అనే టీచరు మావోరీ పిల్లలకు చదువు చెప్పేవారు. వాళ్ల చేతికి వచ్చిన వాచకాల్లో ఎక్కడివో పిల్లలు, ఎక్కడివో ఇళ్లు ఉండేవి. ఆమె వాటిని పక్కనపెట్టి, నీకు ఏ మాట కావాలని ఒక్కొక్కరినీ అడిగి దాన్ని అట్టముక్క మీద రాసి ఇచ్చేవారు. మరునాడు ఆ పిల్ల తన మాటను గుర్తుపట్టకపోతే ఆ అట్టముక్క తీసి పారేసేవారు, అది ఆ పిల్లకు అంత కావలసిన మాట కాదని. పిల్లల మాటలతోనే చదవడం, రాయడం మొదలుపెట్టారు. 1963లో వచ్చిన ఆమె పుస్తకం పేరు టీచర్. మంచు మనిషిని రేపు ఉదయం పిల్లలు గుర్తుపడతారు, ఎందుకంటే కార్టూన్లలో చూశారు. చెరుకు బండిని మాత్రం ముక్కుతో కూడా గుర్తుపడతారు.

అడ్డు చెప్పేవాళ్ల మాటలు కూడా విన్నాం. మొదటిది, అందంగా ఉండదని. నిజమే, ఉండదు. ఆరేళ్ల చేతులు అతికించిన కాగితాలు వంకరగా ఉంటాయి, జిగురు బయటికి కారుతుంది. పెద్దసారు ఎవరైనా తనిఖీకి వస్తే గోడ మెరవాలని అందరికీ ఉంటుంది. మాలో ఒకరి పాత బడిలో తనిఖీ ముందురోజు పిల్లలు వేసిన బొమ్మలన్నీ తీసేసి, కొన్న చార్టులు పెట్టి, తనిఖీ అయ్యాక ఆ బొమ్మలను చెత్తబుట్టలో వేశారు. ఆ బొమ్మలు వేసిన పిల్లలు అక్కడే నిలబడి చూశారు. తనిఖీకి వచ్చేవారు కూడా చదువు చెప్పినవారే కదా, వంకర కాగితం వాళ్లకు అర్థం కాదని ఎందుకు అనుకోవాలి?

రెండోది తప్పుల సంగతి. పిల్లవాడు తన మాటను తప్పుగా రాసి గోడకు పెడితే గది మొత్తం ఆ తప్పే నేర్చుకుంటుందని భయం. ఇది కొట్టిపారేయాల్సిన భయం కాదు. దీని మీద మా అయిదుగురిలోనే ఏకాభిప్రాయం రాలేదు. ముగ్గురం ఏమన్నామంటే, పిల్లవాడి చీటీ అలాగే ఉండాలి, కింద టీచరు చేతిరాతతో సరైన మాట ఉన్న చీటీ ఉండాలి, రాసేటప్పుడు కింది చీటీ చూడాలి. ఇద్దరు ఒప్పుకోలేదు. తప్పు చీటీ గోడ మీద నెలంతా ఉంటే ఆ పిల్లవాణ్ణి అందరూ వెక్కిరిస్తారు, కాబట్టి టీచరుతో కూర్చుని సరిచేసుకున్న తర్వాతే అతికించాలన్నారు. ఇప్పుడు మాకు రెండో పద్ధతే మేలనిపిస్తోంది. వెక్కిరింత ఎలా ఉంటుందో ఊళ్లు మారినవాళ్లకు తెలుసు.

మూడోది, ఋతువుల బోర్డు పండగల బోర్డు అయిపోతుందని. ఇందులో నిజం ఉంది. మేము రాసిన జాబితాలోనే చూడండి, ఎన్ని పండగలొచ్చాయో. పండగ పేరు రాసేస్తే రాత అక్కడితో ఆగిపోతుంది: సంక్రాంతి మన ముఖ్యమైన పండగ, అందరం ఆనందంగా జరుపుకుంటాం. ఈ వాక్యం మంచు మనిషి వాక్యానికి చుట్టమే. పైగా ఒక్కో ఇంట్లో ఒక్కో పండగ, కొన్ని ఇళ్లలో ఆ రోజు ఏమీ ఉండదు. అందుకని బోర్డు మీద పండగ పేరు కంటే దారం, చక్రీ, తెగిన గాలిపటం, వేలికి చుట్టిన టేపు ఉండాలని మా మాట. తెగిన గాలిపటం అందరి మేడ మీదా పడుతుంది.

పరీక్షలో ఇంగ్లిషు ఋతువుల పేర్లు అడుగుతారు కదా అన్నది చివరి అభ్యంతరం. అడిగితే చెప్పాలి. ఆ నాలుగు పేర్లు నేర్చుకోవడానికి రెండు పీరియడులు చాలు. ఇంకో దేశంలో మంచు పడుతుందని తెలియడం కూడా మంచిదే. అక్కడి పిల్లలు ఏం చేస్తారో కథ చదివి తెలుసుకోవాలి. కాశ్మీరులోనో లడఖ్‌లోనో ఉండి బదిలీ మీద ఇక్కడికి వచ్చిన పిల్ల తరగతిలో ఉంటే ఆమె మంచు గురించి రాయాలి, ఆమె బొమ్మ బోర్డు మీద పెట్టాలి. ఆ మంచు నిజంగా చూసిన మంచు.

టీచర్లకు సమయం ఎక్కడిది అంటారేమో. కొన్న చార్టు పెట్టడానికి పది నిమిషాలు, ఇది వారానికి ఒక పీరియడు. కానీ అది వేరే పని కాదు, రాత పీరియడే. పై తరగతుల వాళ్లం శనివారాలు వచ్చి చీటీలు కత్తిరించి ఇవ్వగలం, బోర్డును రెండడుగులు కిందికి దించడానికి మేకులు కొట్టగలం. వెనకవైపు ఖాళీగా ఉన్న పాత ప్రశ్నపత్రాలు ప్రతి బడిలోనూ కట్టలు కట్టలుగా ఉంటాయి, చీటీలకు అవి సరిపోతాయి. థర్మోకోల్ అక్కర్లేదు.

ఋతువు మారి బోర్డు విప్పేటప్పుడు ఆ చీటీలను పారేయకుండా దారంతో కుట్టి తరగతి పుస్తకంలా ఉంచాలని ఇంకొక కోరిక. మరుసటి ఏడాది ఒకటో తరగతి వాళ్లు అక్కలూ అన్నలూ ఏం చూశారో చదువుతారు. సంవత్సరం మధ్యలో టీసీ తీసుకుని వెళ్లే పిల్లకు మాత్రం ఆమె రాసిన చీటీలు ఆమెకే ఇచ్చేయాలి. సామాను ప్యాకింగులో పుస్తకాలూ బొమ్మలూ ఎప్పుడూ ఆఖరి పెట్టెలో వెళ్తాయి, సగం చేరవు. చీటీలు స్కూలు బ్యాగులో పడతాయి. కొత్త ఊళ్లో గాలిపటాన్ని ఏమంటారో అడగడానికి చేతిలో ‘పతంగ్’ అని రాసిన కాగితం ఒకటి ఉంటుంది.